రిట్జ్ గేటు దాకా

నందికొండ వాళ్లకి 1955 అనగానే డిసెంబరు 10 గుర్తొస్తుంది. నెహ్రూ వచ్చి సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేసిన రోజు. అదే ఏడాది హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ పక్కనున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌ని లీజుకిచ్చారు. అది రిట్జ్ హోటల్ అయింది.

ఆ భవనం కట్టించింది నిజామత్ జంగ్. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, కవి కూడా. కేంబ్రిడ్జ్‌లో తాను చదివిన ట్రినిటీ కాలేజీ మీద ఎంత మనసంటే, 1915లో కట్టుకున్న ఇంటికి ఆ పోలికే తెచ్చాడు. తర్వాత అది నిజాం రెండో కొడుకు మొజంజా నివాసమైంది. మొజంజాహీ మార్కెట్ ఈయన పేరు మీదిదే. ఇక రిట్జ్ అన్న పేరు స్విట్జర్లాండ్ వాడైన సీజర్ రిట్జ్‌ది. 1898లో ప్యారిస్‌లో ఆయన హోటల్ తెరిచాక ఆ మాటే దర్జాకి మారుపేరైంది.

మా హిల్ కాలనీలో పాత డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవారు. ఆఫీసు పని మీద పట్నం పోయినప్పుడల్లా రిట్జ్ గేటు దాకా వెళ్లి చూసొచ్చేవారట. "లోపల్కి పోలేదా తాతా?" అనడిగితే, "ఆడ చాయ్ తాగే పైసలతోని నా బస్సు కిరాయి ఎల్తది బిడ్డా" అని నవ్వేవారు.

1990ల చివర్లో రిట్జ్ మూతపడింది. పెచ్చులూడింది, చెట్లు మొలిచాయి. బాగుచేస్తామన్న మాట మాత్రం ఎన్నోసార్లు వినబడింది. అదే ఊళ్లో ఫలక్‌నుమా అంతకంటే పాతది. అదీ దశాబ్దాలు ఖాళీగా పడి ఉన్నదే. తాజ్ వాళ్లు తీసుకుని, దాదాపు పదేళ్లు మరమ్మతు చేసి 2010లో తెరిచారు. 101 మంది కూర్చునే ఆ భోజనాల బల్ల మళ్లీ మెరుస్తోంది. తేడా రాయిలో లేదు, వయసులో లేదు. పైకప్పు కారినప్పుడు పట్టించుకునే మనిషి ఉన్నాడా లేడా, అంతే.

మా కాలనీలో పెచ్చులూడుతున్న క్వార్టర్లని చూసినా నాకు ఇదే అనిపిస్తుంది.

రిట్జ్ బాగుపడాలి. అయితే ఫలక్‌నుమాలా మళ్లీ డబ్బున్నోళ్లకే కాకూడదు. సాగర్ ఒడ్డున టూరిజం వాళ్ల విజయ్ విహార్‌కి అంత దర్జా లేదు గానీ, నీళ్లని చూస్తూ మామూలు మనిషి కూడా కూర్చోగలడు. రిట్జ్‌లోనూ అలాంటి వరండా ఒకటుంటే చాలు. తాతలు గేటు దగ్గరే ఆగిపోయిన చోట మనవలైనా లోపల కూర్చుని చాయ్ తాగుతారు. మీరేమంటారు?