ర్యాప్ పాటల కూర్పు

"ర్యాప్ పాట కూడ ఒక పాటయేనా?" అని పెద్దలు పరిహసింతురు. "మాకిష్టము, వినుచున్నాము" అని పిల్లలు బదులు చెప్పుదురు. ఈ రెండు మాటలును మాకు తృప్తి కలిగించుట లేదు. పరిహాసము విమర్శ కాదు. ఇష్టమని చెప్పి ఊరకుండుట అభిరుచి కాదు. ఎందుకిష్టమో చెప్పగలిగిననాడే అది అభిరుచి యగును. అందులకు మంచి సాధనము, నచ్చిన పాటలను స్వయముగా ఏరి వరుసగా కూర్చుట.

ఈ కళ పుట్టుకయే కూర్పునందున్నది. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్సులో జరిగిన యొక వేడుకను దీనికి జన్మదినముగా చెప్పుకొందురు. ఆనాడు పాటలు వినిపించిన కూల్ హెర్క్ అను జమైకా యువకుడు, ఒకే రికార్డు ప్రతులు రెంటిని రెండు యంత్రములపై నుంచి, వాద్యముల మ్రోత గల భాగమునే మరల మరల వినిపించు పద్ధతిని పెంపొందించెను. అట్టి మ్రోతపై పలికిన ప్రాసల మాటలే ర్యాప్ అయినవి.

తొంబది నిమిషముల క్యాసెట్టున ఒక ప్రక్కకు 45 నిమిషములే పట్టెడివి. నేడు ఫోనునకు అట్టి హద్దు లేదు. కావున హద్దును మనమే విధించుకొనవలెను. విడువవలసి వచ్చినప్పుడే వివేకము పని చేయును.

మా కూర్పున మొదటిది షుగర్‌హిల్ గ్యాంగ్ వారి 'రాపర్స్ డిలైట్' (1979). అది వేడుక పాట. వెంటనే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందము వారి 'ది మెసేజ్' (1982). అది పేదవాడల వేదన. నవ్వు వెనుక వచ్చుటచే ఆ వేదన మఱింత లోతుగా నాటును; వరుస తారుమారైనచో రెండును చప్పబడును. మూడవది ఎరిక్ బి., రాకిమ్‌ల 'పెయిడ్ ఇన్ ఫుల్' (1987). రాకిమ్ పాదాంతముననే గాక పాదమధ్యమునను ప్రాస కూర్చును. అనుప్రాసల రుచి యెఱిగిన చెవికి అది విందు. నాల్గవది క్వీన్ లతీఫా, మోనీ లవ్‌ల 'లేడీస్ ఫస్ట్' (1989). స్త్రీలను కించపఱచు పాటలు ఈ కళలో లేకపోలేదు. లయ యెంత సొంపైనను వానికి మా కూర్పున చోటు లేదు. ఆత్మస్తుతి మాత్రము మాకు దోషముగా తోచదు. తిరుపతి వేంకట కవుల సవాళ్లను మెచ్చిన మనకు అది క్రొత్తయా?

చివరకు కెండ్రిక్ లామార్ పాట యొకటి. ఆయన 'డ్యామ్' అను సంపుటికి 2018లో సంగీతమునకు పులిట్జర్ బహుమానము లభించెను. శాస్త్రీయ, జాజ్ సంగీతములకు వెలుపలి కృతికి ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. ఇంట తెలుగును వీథిలో వేఱొక భాషయు మాటలాడుచు, "మీది మంచి తెలుగు కాదు" అనిపించుకొను మన పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకొనదగును. వాడమాటకును కవితాగౌరవము కలదు.

విద్యార్థులారా! ఒక పాట ముగియగానే యంత్రము తానే వేఱొక పాటను వినిపించును. అది యంత్రపు లెక్కయే కాని మీ అభిరుచి కాదు. మీరే అయిదు పాటలు కూర్పుడు. ప్రతి పాటకు ఒక కారణము మంచి తెలుగున వ్రాసి తెండు. మా కారణములతో అవి ఏకీభవింపకున్నను సంతోషముతో విందుము.