దాగుచోటు చూచి వచ్చినవారికి

హైదరాబాదు హైటెక్ సిటీలో కొలువుచేయు మన సంఘపు బిడ్డలు కొందరు కంపెనీ పనిమీద యూరపునకు వెళ్లుచున్నారు. హాలెండులోని హార్లెమ్ పట్టణములో టెన్ బూమ్‌వారి గృహము చూచి, క్రిస్మసుకు ఊరు వచ్చినప్పుడు గుడిలో దానిగూర్చి చెప్పుచున్నారు. మనము వినుచు కన్నీరు కార్చుచున్నాము. ఆ కన్నీటినే నేను ప్రశ్నించుచున్నాను.

ఆ యింట క్రింద గడియారముల దుకాణము. మీద కొర్రీ అను కుమార్తె పడకగది. ఆ గదిలో ఇటుకలతో దొంగగోడ కట్టి, దాని వెనుక మనుష్యులు నిలుచునంత ఇరుకుచోటు విడిచిరి. హిట్లరు మనుష్యులు యూదులను వేటాడిన దినములవి. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు ఇల్లు ముట్టడించగా ఆరుగురు అందులో దాగి, సుమారు రెండు దినములు నిలిచి, దొరకక తప్పించుకొనిరి. ఇంటివారు మాత్రము చెరపట్టబడిరి. 84 ఏండ్ల తండ్రి కాస్పర్ పది దినములకే చెరలో మరణించెను. బెట్సీ అను కుమార్తె ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ శిబిరమందు మరణించెను. కొర్రీ బ్రదికి వచ్చెను. 1988లో ఆ యిల్లు మ్యూజియమాయెను.

“అది యుద్ధకాలము, ఇప్పుడు దాచవలసినవారెవరు?” అని అనువారున్నారు. ఆ మాట నేనొప్పుకొనను. 2020 సెప్టెంబరులో, హైటెక్ సిటీకి చేరువనేయున్న గచ్చిబౌలిలో, వేరు కులపు కన్యను పెండ్లాడిన యొక యువకుడు పట్టపగలు ఇంటినుండి ఎత్తుకొనిపోబడి చంపబడెను. అట్టి భయముతో బ్రదుకు జంటలు మన జిల్లాలలో లేరా?

వారు వచ్చినయెడల మనమేమి చేయుదుము? పట్టణములో ఇల్లు అద్దెకిచ్చు మన విశ్వాసులే “మీరేమిట్లు?” అని మొదట కులమడుగుచున్నారు. పల్లెలో మాలపేట గుడి వేరు, మాదిగపేట గుడి వేరు. ఒకే ప్రభువు బల్లయొద్ద కూర్చుండియు వియ్యమందుటకు ఒల్లకున్నాము. ఇట్టి మనము హార్లెము గోడనుగూర్చి ఏడ్చుట వేషధారణ కాదా?

టెన్ బూమ్‌వారు గోడ కట్టకమునుపే తలుపు తెరచిరి. ఉబ్బసముగల యొక స్త్రీ వచ్చినప్పుడు, ఆమె ఊపిరి చప్పుడు అందరిని పట్టియిచ్చునని యెరిగియు, చేర్చుకొనిరి. మనకైతే ఒక మనిషిని గెంటివేయుటకు ఇంటిపేరు చాలును.

కాబట్టి ఈ క్రిస్మసున ఆ గృహపు ఫోటోలు చూపు బిడ్డను ఒక్క మాట అడుగుడి: “నాయనా, నీ అద్దెగదిలో అట్టివారికి చోటున్నదా?” తరువాత అదే మాట మన యింటి గడపయొద్ద నిలిచి మనలను మనమే అడుగుకొందము. పరదేశియై వచ్చిన ప్రభువు, మ్యూజియము చూచితిరా అని మనలను అడుగడు.