పరదేశమున పేరంటము



“పండుగ వచ్చినదన్న మాటయే గాని యింట పండుగ కళ లేదు. పేరంటమునకు ఎవరిని పిలుతును? చుట్టుప్రక్కల నున్నవారందఱు పరదేశీయులే” యని అమెరికాలో కాపురముండు ఒక సోదరి నాకు వ్రాసినది. అచ్చట పరదేశీయులము మనమే గాని వారు గారు గదా! అయినను ఆమెను నేను తప్పుపట్టజాలను. నేనును అట్లే తలచి, యొక వృద్ధురాలి మనస్సు నొప్పించితిని. ఈ మాసమున ఆ సంగతియే విన్నవించుకొందును.

కొన్నియేండ్ల క్రిందట మా అమ్మాయి పురిటికై న్యూజెర్సీ రాష్ట్రమునకు పోయి ఆఱు మాసము లుంటిని. ప్రక్కయింట డెబ్బదియేండ్లు దాటిన యొక వితంతువు ఒంటరిగా నుండెడిది. నవంబరు నెలలో నాలుగవ గురువారము ఆ దేశమున థాంక్స్‌గివింగు, అనగా కృతజ్ఞతాదినము. పంట యింటికి వచ్చిన పిమ్మట భగవంతునకు కృతజ్ఞత తెలుపుకొని, బంధుమిత్రులతో భుజించు పండుగగా అది మొదలైనది. 1863లో అధ్యక్షుడు లింకను దానిని దేశమంతటికిని ప్రకటించెను. ఇప్పటి గురువారమును 1941 నాటి చట్టము స్థిరపఱచెను. ఆ పూట భోజనమునకు రమ్మని యామె స్వయముగా వచ్చి పిలిచినది. ఆ విందున టర్కీకోడిని నిలువున కాల్చి బల్లమీద పెట్టుదురని వినియుంటిని. నాకు భయమై, తలనొప్పిగా నున్నదని అమ్మాయిచేత చెప్పించితిని.

మఱునాటి యుదయమున ఆమె మూతపెట్టిన గిన్నెలతో వచ్చినది. వానిలో చిలగడదుంపలు, చిక్కుళ్లు, క్రాన్‌బెర్రీలను ఎఱ్ఱని పుల్లని పండ్లను చక్కెరతో ఉడికించిన పచ్చడియు నుండెను. మేము మాంసము ముట్టమని తెలిసి, మాంసపురసము తగులకుండ వేఱు గిన్నెలలో వండినదట. కుమారు లిద్దఱును దూరపు రాష్ట్రములలో నుండి రాలేదు. మా కొఱకు వండి, ముందునాటి రాత్రి ఒంటరిగా కూర్చుండి తిన్నదని అమ్మాయి చెప్పగా సిగ్గుచే నా తల వంగిపోయినది.

జనవరిలో సంక్రాంతి వచ్చినది. వాకిట మోకాలిలోతు మంచు. ముగ్గునకు చోటు లేదు. ఆ యూర అనుమతి లేక ఆరుబయట మంట వేయరాదు గనుక భోగిమంటయు లేదు. గుమ్మము లోపల అట్టమీద బియ్యపుపిండితో ముగ్గు వేసితిమి. అట్టపెట్టెలను మెట్లుగా పేర్చి, పట్టుచీర పఱచి, ఉన్న నాలుగు కొండపల్లిబొమ్మలతో కొలువు తీర్చితిమి. ఈసారి అమ్మాయిని పంపక నేనే యామె యింటికి పోతిని. “ఆనాడు నాకు తలనొప్పి లేదు, మీ వంటకు భయపడితిని” అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి పేరంటమునకు పిలిచితిని. ఆమె నవ్వి, “నాకు తెలియును” అన్నది.

సాయంకాలమున ఆమె తన తల్లి యిచ్చిన పింగాణిబొమ్మ నొకదానిని కొలువునకు తెచ్చినది. మాకు రేగిపండ్లు దొరకలేదని విని, ఫ్రీజరులో దాచియుంచిన క్రాన్‌బెర్రీలను గూడ తెచ్చినది. నాణెములతోను, పూలఱేకులతోను వానిని కలిపి మా నాలుగేండ్ల మనుమరాలి తలపై భోగిపండ్లుగా పోసితిమి.

తరువాత బొట్టు పెట్టవలసిన సమయము వచ్చినది. నా చేయి ఆగినది. భర్త లేని యామెకు కుంకుమ పెట్టుట యెట్లు? నేను తడబడుచుండగనే మనుమరాలు కుంకుమభరిణె తీసికొని “పెట్టనా?” యని యామె నడిగి, నుదుట బొట్టు పెట్టినది. ఆమె దానిని దగ్గఱకు తీసికొని ముద్దాడినది.

అప్పుడు నాకు మా అక్క జ్ఞప్తికి వచ్చినది. ఇరువది యేండ్లుగా మా యింటి పేరంటములకు అరిసెలు వండునది ఆమెయే. పేరంటాండ్రు వచ్చు వేళకు వంటయింటి మూల చేరునదియు ఆమెయే. పరాయిదేశపు ముసలమ్మకు లేని యడ్డు మా అక్క కేల? మఱుసటి యేడు మా కొలువున మొదటి తాంబూలము ఆమెకే యిచ్చితిని. ఇద్దఱు ముగ్గురు మొగము ముడుచుకొనిరి. మా అక్క తాంబూలమును ఒడిలో పట్టుకొని చాలసేపు కదలక కూర్చుండెను.

ఇక నాకు వ్రాసిన సోదరికి కొన్ని మాటలు. తిథి మొదలగు క్షణము లోకమంతటికిని ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరి కొకటి. న్యూజెర్సీ గడియారము చలికాలమున మనకంటె 10 గంటల 30 నిమిషములు, వేసవిలో 9 గంటల 30 నిమిషములు వెనుకబడి యుండును. అందుచే సూర్యోదయమున నున్న తిథిని బట్టి చేయు ఉగాది వంటి పండుగ అచ్చట ఒక్కొక్కప్పుడు ఒకనాడు ముందే రావచ్చును. ఉన్న యూరి పంచాంగమునే చూచుకొనవలెను. పూజను తిథినాడు చేసికొని, పేరంటమును సెలవునాటికి మార్చినను దోషము లేదు.

పిండివంటలు పంచునపుడు అందేమేమి వేసితిరో ముందే చెప్పుడు. వేరుసెనగపప్పు, జీడిపప్పు, నువ్వులు కొందఱికి పడవు, ప్రాణాపాయమును గలుగవచ్చును. అమెరికాలో 2023 జనవరి 1 నుండి అంగడి తినుబండారములపై నువ్వుల పేరును తప్పక వ్రాయవలెనని చట్టము గలదు. మన అరిసెలపై చీటీ యుండదు గదా! బొట్టు పెట్టుటకు ముందును అడుగుడు. వారు పిలిచినపుడు నావలె తలనొప్పి నటింపక, మీరు తినునదేదో, తిననిదేదో చెప్పి వెళ్లుడు.

పందొమ్మిదవ శతాబ్దమున మారిషసు దీవికి కూలికి పోయిన తెలుగువారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు. అచ్చటి ప్రభుత్వమే దానిని సెలవుదినముగా పాటించుచున్నది. పరుల నడుమ నున్నంత మాత్రమున మన పండుగ మాసిపోదు. ఈ మాఱు ప్రక్కయింటి తలుపు తట్టి చూడుము, సోదరీ! ఎవరు వచ్చిరో, కొలువునకు ఏ బొమ్మను తెచ్చిరో నాకు మరల వ్రాయుము.