నాలుగు నోట్సులు – ఒక్క కరువు

మా అమ్మాయి చదువు చూస్తే ఒళ్ళు మండుతోందండీ! చరిత్ర నోట్సులో 1942లో జపాన్ బర్మాను ఆక్రమించింది. కామర్సులో సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. సైన్సులో మలేరియా, కలరా. సాహిత్యంలో 'అశని సంకేత్' రాసింది విభూతిభూషణ్. ఒక మార్కు.

"ఈ నాలుగూ ఒక్కటేనే, 1943 బెంగాల్ కరువు!" అన్నాను. యుద్ధంతో బర్మా బియ్యం ఆగిపోయింది. ఉన్నది వ్యాపారులు దాచారు. కూలివాడికి గంజి కూడా దొరకలేదు. తిండిలేని ఒళ్ళని జబ్బులు పట్టుకున్నాయి. సుమారు 30 లక్షల మంది పోయారు. ఆ నవలలో పల్లె ఆకలి ఇదే కదా!

పిల్ల తెల్లబోయి, "ఏ పేపర్లో వస్తుందమ్మా?" అంది.

దాన్నేమనను? బియ్యం ధరా, బిడ్డ జ్వరమూ ఒకే గుమ్మంలోంచి వస్తాయని మనకి తెలుసు. గంటకో ముక్క కోసి పెట్టే ఈ సిలబసు పెద్దలకే తెలీదు. వాళ్ళెప్పుడైనా రేషన్ క్యూలో నిలబడ్డారా?