మరిగిన పిల్లలదా, మరిగించే ఆటదా తప్పు?

వీడియో గేములు వ్యసనంగా మారతాయా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు స్పష్టంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన రోగాల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండో కూర్పు, 2019 మేలో సభ్యదేశాల ఆమోదం పొంది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చినప్పుడు, ‘గేమింగ్ రుగ్మత’కు అందులో చోటు దక్కింది. ఆట మీద అదుపు తప్పడం, తిండీ నిద్రా చదువూ కొలువూ అన్నీ ఆట తరవాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం అనే మూడు లక్షణాలూ సాధారణంగా కనీసం 12 నెలలు కొనసాగి, మనిషి జీవితాన్నీ బంధాలనూ గట్టిగా దెబ్బతీసినప్పుడే దాన్ని రుగ్మత అంటారు. వేసవి సెలవుల్లో ఫోన్ వదలని ప్రతి పిల్లవాడూ ఈ లెక్కన రోగి కాడు. గేముల్లోని హింసే బయటి హింసాత్మక చర్యలకు కారణమనడానికి చాలినంత శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2020లో ప్రకటించింది కూడా. ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టిపోయడం వల్ల అసలు దోషి తప్పించుకుపోతున్నాడు.

ఆ దోషి ఆట లోపలి అమ్మకపు యంత్రాంగం. డబ్బు చెల్లించి తెరిచాక గానీ లోపల ఏముందో తెలియని పెట్టెను లూట్ బాక్స్ అంటారు. బడి ముందు అంగట్లో పిల్లలు చింపే లాటరీ చీటీకి ఇది తోబుట్టువు. తెర మీద పెట్టె ఊగుతుంది, వెలుగులు చిమ్ముతుంది, అరుదైన ఆయుధం చేతికి అందినట్టే అంది జారిపోతుంది, వెంటనే మరో పెట్టె ధర కనిపిస్తుంది. ఆ ధర రూపాయల్లో ఉండదు. రూపాయలిచ్చి ముందు రత్నాలో నాణేలో కొనాలి. వాటిని అమ్మే కట్టలు వస్తువుల ధరకు సరిగ్గా సరిపోకుండా, ప్రతిసారీ కొన్ని మిగిలేటట్టు కూర్చి ఉంటాయి కనుక, మిగిలినవి వృథా పోకూడదని పిల్లవాడు ఇంకో కట్ట కొంటాడు. బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడే ప్రాణి పట్టు విడవకుండా ప్రయత్నిస్తుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలతో దశాబ్దాల కిందటే చూపాడు. అది తెలిసిన పెద్దలు దాన్ని పదేళ్ల పిల్లల మీద ప్రయోగించడం వ్యాపారం అనిపించుకోదు, దోపిడీ అవుతుంది.

జూదం సంగతిలో తెలుగునేలకు సుదీర్ఘ అనుభవం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసులోనే, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కనుక రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అనీ సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ మాటనే కవచంగా తొడుక్కున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఈ ఆటలను నిషేధించగా, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషిద్ధమేనని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇది చేయవలసిన పనే. కానీ గెలుపు సొమ్ము బదులు బొమ్మ తుపాకీ రూపంలో వస్తే? లూట్ బాక్సును ఈ చట్టం పేరెత్తి నిషేధించలేదు. బెల్జియం మాత్రం 2018లోనే, డబ్బిచ్చి కొనే ఇటువంటి పెట్టెలు జూదమేనని తేల్చింది.

గడియారాన్ని నమ్ముకున్న కట్టడి నిలవదు. పదహారేళ్ల లోపువారు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆడకూడదని 2011లో శాసించిన దక్షిణ కొరియా, పదేళ్ల తరవాత ఆ నిబంధనను తానే ఎత్తివేయాలని నిర్ణయించింది. అదుపు చేయవలసింది ఆట కట్టుబడిని. పద్దెనిమిదేళ్ల లోపువారికి లూట్ బాక్సులు అమ్మడాన్ని కేంద్రం పూర్తిగా నిషేధించాలి. ప్రతి ధరనూ రూపాయల్లోనే చూపించాలి. ఒకరోజు ఆడకపోతే వరుస తెగి బహుమతులు పోతాయని భయపెట్టే ఎత్తుగడలను, వినియోగదారులను మోసగించే పద్ధతులపై 2023లో వచ్చిన మార్గదర్శకాల పరిధిలోకి స్పష్టంగా తేవాలి. చికిత్స కూడా జనానికి అందుబాటులోకి రావాలి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లోనే ఇందుకు ప్రత్యేక క్లినిక్ తెరిచింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో అటువంటి సేవ ఉండితీరాలి.

ఫోన్ లాక్కుని చెయ్యి చేసుకున్నంత మాత్రాన ఈ రుగ్మత నయం కాదు. పిల్లల తీరు చూసి దిగులుపడే తల్లిదండ్రులు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.