శాంపిల్ చూపి అమ్మితే

1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద అమ్మకానికి కాగితమే ఉండాలని లేదు, నోటిమాటా చెల్లుతుంది. శాంపిల్ చూపి మిర్చి అమ్మితే, 17వ సెక్షన్ ప్రకారం లాటంతా అదే నాణ్యతలో ఉండాలి. పోల్చి చూసుకునే వీలు కొనేవారికి దక్కాలి. శాంపిల్‌ను తగినంతగా పరిశీలించినా కనబడని, సరుకును అమ్మకానికి పనికిరాకుండా చేసే లోపమూ ఉండకూడదు. పైన ఎర్రటి కాయలు పేర్చి అడుగున తాలు నింపిన బస్తాలను తిరస్కరించే హక్కు ఇందులోంచే వస్తుంది. సరుకును ఒకసారి స్వీకరించాక మాత్రం సాధారణంగా నష్టపరిహారమే మిగులుతుంది. అందుకే బస్తా విప్పి చూడటం ముందే జరగాలి. వేరే షరతు లేకపోతే, యాజమాన్యం మారగానే నష్టభయమూ కొన్నవారిదే, సరుకింకా అమ్మినవారి గోదాములో ఉన్నా సరే. అన్నిటికన్నా బాధించేది 62వ సెక్షన్. చట్టం తనంతట తాను ఇచ్చే ఈ రక్షణలను ఒప్పందంతోనో, వ్యాపార ఆనవాయితీతోనో పక్కన పెట్టేయవచ్చు. బేరమాడే బలం లేని చిన్న వ్యాపారి విషయంలో ఆ వెసులుబాటుకు హద్దు గీయాల్సిందే.