రూమ్‌మేట్ మారాడు.. అగ్రిమెంట్ మారలేదు! బాకీ చివరికి ఎవరి నెత్తిన?

లాలాపేట్: ఫ్రెండ్ రూమ్ ఖాళీ చేశాడు.. అతని ప్లేస్‌లో కొత్త కుర్రాడు వచ్చాడు. పాతతని అడ్వాన్స్ వాటాను కొత్తతను ఫోన్‌పే చేసేశాడు. ఓనర్‌కు ఓ మాట చెప్పారు. అంతే.. పని అయిపోయిందనుకుంటారు. కానీ కాగితం మీద మాత్రం వెళ్లిపోయిన వ్యక్తే ఇంకా కిరాయిదారు!

లాలాపేట్ లాంటి ఏరియాల్లో ఇది మామూలే. ఒకవైపు ఉస్మానియా యూనివర్సిటీ, మరోవైపు నాచారం ఇండస్ట్రియల్ ఏరియా. స్టూడెంట్స్, కొత్తగా జాబ్‌లో చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఫ్లాట్ తీసుకుంటారు. కోర్సు అయిపోయినా, ఆఫీసు మాదాపూర్ వైపు మారినా ఒకరు వెళ్లిపోతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

11 నెలల కాగితమే దిక్కు

ఇక్కడ ఇళ్ల లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు ఎందుకని చాలామంది 11 నెలల కాగితంతోనే సరిపెట్టుకుంటారు. ఇక 1960 నాటి రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెల అద్దె రూ.3,500 దాటిన ఇళ్లకు వర్తించదు. అంటే ఇప్పటి ఫ్లాట్లలో గొడవ వస్తే చూసేది 1882 ఆస్తి బదిలీ చట్టాన్ని, అగ్రిమెంట్‌లో రాసుకున్న షరతుల్నే.

ఒకరు ఎగ్గొడితే..

ఉదాహరణకు అద్దె రూ.15,000. ముగ్గురూ సంతకం చేశారు. ఒకరు వెళ్లిపోయారు, ఆ రూ.5,000 ఆగిపోయింది. వేరే షరతు లేకపోతే ఓనర్ ముగ్గురిలో ఏ ఒక్కరినైనా మొత్తం కట్టమని అడగొచ్చు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 43 చెప్పేది ఇదే. కట్టినవాళ్లు మిగతావారి వాటాను వాళ్ల దగ్గరే వసూలు చేసుకోవాలి. వెళ్లిపోయిన వ్యక్తికీ ఇదే రూల్.. ఊరు మారినంత మాత్రాన సంతకం చెరిగిపోదు.

అగ్రిమెంట్ ఒక్కరి పేరు మీదే ఉంటే భారమంతా ఆ ఒక్కరిదే. ‘వేరేవాళ్లకు అద్దెకివ్వకూడదు’ అనే షరతు ఉన్నప్పుడు చెప్పకుండా కొత్తవారిని తెస్తే, ఖాళీ చేయమనడానికి ఓనర్‌కు కారణం దొరికినట్టే. ఓనర్‌కూ రిస్క్ ఉంది. తన ఇంట్లో ఎవరుంటున్నారో ఆయన దగ్గర ఆధారమే ఉండదు.

ఏం చేస్తే సేఫ్?

* అందరి పేర్లతో కొత్త అగ్రిమెంట్ రాసుకోవడం బెస్ట్. కుదరకపోతే పాతదానికి అనుబంధ పత్రం జోడించాలి. ఎవరు ఏ తేదీన వెళ్లారు, ఎవరు వచ్చారు, వెళ్లినవారి బాధ్యత ఏ రోజుతో ముగిసింది అన్నవి రాసి ఓనర్‌తోనూ సంతకం పెట్టించాలి.
* అడ్వాన్స్‌లో ఎవరి వాటా ఎంతో అందులోనే రాయాలి. లేదంటే పెయింటింగ్, రిపేర్ కటింగ్స్ అన్నీ చివర్లో ఉన్నవారి మీదే పడతాయి.
* మారిన రోజే గోడలు, కరెంట్ మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయాలి.

కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం కూడా ఇదే దారి చూపింది. సప్లిమెంటరీ అగ్రిమెంట్ లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వొద్దని, ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించొద్దని అందులో ఉంది. అయితే ఇది నమూనా మాత్రమే.. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటేనే అమలవుతుంది.

మీ రూమ్‌లోనూ ఈమధ్య ఎవరైనా మారారా? వచ్చే నెల అద్దె కట్టేలోపు అగ్రిమెంట్ తీసి, అందులో ఎవరి పేర్లున్నాయో ఓసారి చూసుకోండి.